ఆన్‌ఫీల్డ్ పాత ఫొటో 1937–57 మధ్య ఏ ఏడాదిదో తేల్చడమెలా?

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్ నలుపు తెలుపు పోస్టుకార్డు ఫొటో ఒకటి ఉంది, తేదీ లేదు. ఇంతవరకు తేలింది ఇదీ.

ఒక గోల్ వెనక ప్రేక్షకులు నిలబడే గట్టు, అంటే కాప్ స్టాండ్ మీద కప్పు కనిపిస్తోంది. 1906లో కట్టిన ఆ గట్టుకు కప్పు పడింది 1928లో, కాబట్టి అంతకు ముందుది కాదు. మూలల్లో ఫ్లడ్‌లైట్ స్తంభాలు లేవు. అవి 1957లో వచ్చి, 1973లో మెయిన్ స్టాండ్ కొత్తగా కట్టినప్పుడు పోయాయి. మైదానం పక్కన కెమ్లిన్ రోడ్ వైపు స్టాండ్‌కు ఇంకా పాత కప్పే ఉంది; అక్కడ కొత్త స్టాండ్ వచ్చింది 1963లో, అంటే ఆ తర్వాతదయ్యే అవకాశమూ లేదు. ఇక అసలు ఆధారం పెనాల్టీ బాక్సు అంచున ఉన్న అర్ధచంద్రాకారపు గీత. అది నిబంధనల్లోకి వచ్చిందే 1937లో.

కాప్ మూలనున్న జెండా కొయ్యతో లాభం లేదు. గ్రేట్ ఈస్టర్న్ ఓడ స్తంభం అది, అప్పటికే పాతుకుని ఉంది. లీగ్ మ్యాచ్‌ల్లో చొక్కా వెనక నంబర్లు 1939 నుంచి తప్పనిసరి, కానీ ఇందులో ఆటగాళ్లంతా కెమెరా వైపే తిరిగి ఉన్నారు. వెనక ఉన్న పోస్టు ముద్రనూ నమ్మలేం, పాత నెగటివ్‌నే ఏళ్ల తరబడి అచ్చేసేవాళ్లు.

ఈ ఇరవై ఏళ్లను ఇంకా కుదించాలి. కాప్ ఇనుప అడ్డుకమ్మీల వరసలు గానీ, మైదానం చుట్టూ ఉన్న గోడ గానీ, ప్రకటన బోర్డులు గానీ ఈ మధ్యలో మారాయా? కనీసం యుద్ధానికి ముందుదా, తర్వాతదా అన్నది దేన్ని చూసి చెప్పొచ్చు? తెలిసినవాళ్లు చెప్పగలరు.