అమెరికాలో కౌన్సెలర్ లైసెన్స్ కోసం మాస్టర్స్: 48 క్రెడిట్ల కోర్సు సరిపోతుందా?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. నేను ఇండియాలో ఎం.ఎస్సీ. సైకాలజీ చేసి, పెళ్లయ్యాక టెక్సాస్‌కు వచ్చాను. ఈ మధ్యే గ్రీన్ కార్డు వచ్చింది కనుక ఉద్యోగానికి అడ్డంకి లేదు. ఇక్కడ లైసెన్స్ ఉన్న కౌన్సెలర్‌గా పనిచేయాలని ఉంది. నా పాత డిగ్రీ పనికొస్తుందా, లేక మళ్లీ మాస్టర్స్ చదవాలా? ఆన్‌లైన్‌లో 48 క్రెడిట్ల కోర్సు ఒకటి చూశాను. ఫీజు తక్కువ, త్వరగా పూర్తవుతుంది కూడా. అయితే మావారి ఉద్యోగం కొన్నేళ్లలో కాలిఫోర్నియాకు మారే అవకాశం ఉంది. తెలిసినవారు దయచేసి దారి చూపగలరు.

మొదటి సమాధానం

కోర్సును ఎంచుకోవడానికి ముందు, మీరు లైసెన్స్ తీసుకోబోయే రాష్ట్రం ఏమి అడుగుతోందో చూసుకోండి. ఇక్కడ కౌన్సెలర్ లైసెన్స్ ఇచ్చేది విశ్వవిద్యాలయమూ కాదు, కేంద్ర ప్రభుత్వమూ కాదు. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రపు బోర్డే ఇస్తుంది. 1976లో వర్జీనియా అందరికంటే ముందు చట్టం చేసింది, అందరికంటే చివర 2009లో కాలిఫోర్నియా చేసింది. ఎవరికి వారు చేసుకున్న చట్టాలు కావడంతో పేర్లు సైతం కలవవు: టెక్సాస్‌లో ఎల్‌పీసీ (లైసెన్స్‌డ్ ప్రొఫెషనల్ కౌన్సెలర్) అనే లైసెన్స్‌ను న్యూయార్క్‌లో ఎల్‌ఎంహెచ్‌సీ అనీ, కాలిఫోర్నియాలో ఎల్‌పీసీసీ అనీ అంటారు.

48 క్రెడిట్ల కోర్సు జోలికి మాత్రం వెళ్లకండి. టెక్సాస్, కాలిఫోర్నియా రెండూ 60 సెమిస్టర్ క్రెడిట్లు అడుగుతున్నాయి. కాక్రెప్ (కౌన్సెలింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న క్లినికల్ మెంటల్ హెల్త్ కౌన్సెలింగ్ కోర్సు తీసుకుంటే, కనీసం 60 క్రెడిట్లతో పాటు 100 గంటల ప్రాక్టికమ్ (పర్యవేక్షణలో క్లయింట్లతో చేసే తొలి శిక్షణ), 600 గంటల ఇంటర్న్‌షిప్ అందులోనే ఉంటాయి; వాటిలో వరుసగా 40, 240 గంటలు క్లయింట్లతో నేరుగా గడపాలి. మీ ఎం.ఎస్సీ.ని విదేశీ డిగ్రీలను ఇక్కడి డిగ్రీలతో పోల్చి చూసే మూల్యాంకన సంస్థ చేత లెక్క కట్టించినా, సూపర్‌వైజర్ పర్యవేక్షణలో జరిగిన ఈ రకం గంటలు మన సైకాలజీ కోర్సుల్లో సాధారణంగా ఉండవు కాబట్టి, ఒకటి రెండు పేపర్లకు మినహాయింపు దొరికితే దొరకవచ్చు గానీ మాస్టర్స్ మళ్లీ చదవక తప్పదనే నా అభిప్రాయం.

ఆన్‌లైన్ కోర్సు అయినంత మాత్రాన తప్పేమీ లేదు. కాక్రెప్ గుర్తింపు ఉన్న ఆన్‌లైన్ కోర్సులు చాలానే ఉన్నాయి. చూసుకోవలసిందల్లా ప్రాక్టికమ్ చేసే క్లినిక్‌ను ఎవరు వెతికిపెడతారన్నదే. కొన్ని కాలేజీలు ఆ భారం పూర్తిగా విద్యార్థి మీదే వేస్తాయి. అప్పుడు ఊళ్లో ఉన్న క్లినిక్‌లన్నింటికీ మీరే ఉత్తరాలు రాసుకోవాలి, చోటు దొరకకపోతే సెమిస్టర్ వృథా అవుతుంది. ఫీజు కట్టడానికి ముందే ఈ సంగతి రాతపూర్వకంగా అడగండి.

రెండవ సమాధానం

పైవారు చెప్పినదంతా సరైనదే. నేను టెక్సాస్‌లోనే లైసెన్స్ తీసుకున్నాను కనుక డిగ్రీ తరవాతి సంగతి చెబుతాను. 200 ప్రశ్నల ఎన్‌సీఈ (నేషనల్ కౌన్సెలర్ ఎగ్జామినేషన్) పరీక్ష, దానితో పాటు రాష్ట్ర చట్టాల మీద ఇంకొక పరీక్ష పూర్తయ్యాక మీరు ఎల్‌పీసీ అసోసియేట్ అవుతారు. ఆ హోదాలో సూపర్‌వైజర్ కింద 3,000 గంటలు పనిచేయాలి. అందులో 1,500 గంటలు క్లయింటుతో నేరుగా కూర్చున్నవై ఉండాలి, ఎంత వేగంగా చేసినా 18 నెలలకు తక్కువ కాకూడదు. కాలిఫోర్నియాలోనూ మొత్తం 3,000 గంటలే, కానీ నేరుగా చేసేవి 1,750 ఉండాలి, కనీస కాలం రెండేళ్లు. అక్కడ ఎన్‌సీఈకి బదులు ఎన్‌సీఎంహెచ్‌సీఈ అనే క్లినికల్ కౌన్సెలింగ్ పరీక్ష రాయాలి.

ఈ 1,500 వినడానికి చిన్న అంకెలాగే ఉంటుంది. సోమవారం ఆరుగురికి సమయం ఇస్తే ఇద్దరు రారు. నాలుగు గంటలే నేరుగా చేసినవిగా లెక్కకు వస్తాయి. ఆ తరవాత నోట్స్ రాసుకున్న గంట, ఫోన్‌లో మరో అపాయింట్‌మెంట్ కుదిర్చిన పావుగంట మిగతా గంటల్లోకే పోతాయి. పైగా సూపర్‌వైజర్‌కు నెలనెలా సొంత డబ్బు కట్టేవారు చాలామంది ఉన్నారు. మీ ఖర్చుల లెక్కలో కాలేజీ ఫీజు ఒక్కటే వేసుకోకండి.

విద్యార్థి వీసా మీద రావాలనుకుంటున్నవారు ఎవరైనా ఇది చదువుతూ ఉంటే, వారికి ఒక మాట. కౌన్సెలింగ్ మాస్టర్స్ సాధారణంగా స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలోకి రాదు కాబట్టి చదువయ్యాక ఓపీటీ, అంటే విద్యార్థి వీసా మీద పనిచేసే అనుమతి, 12 నెలలే ఉంటుంది. టెక్సాస్ అడిగే 18 నెలలు అందులో పట్టవు.

మూడవ సమాధానం

ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో మాస్టర్స్) చదివి క్లినికల్ సోషల్ వర్కర్ కావడం కూడా ఆలోచించండి. ఆస్పత్రుల్లో వారికి అవకాశాలు ఎక్కువ. కౌన్సెలర్లకు మెడికేర్ (ముఖ్యంగా వృద్ధుల కోసం ఉన్న కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య బీమా) చెల్లించదన్న పాత అభ్యంతరం మాత్రం ఇప్పుడు లేదు. 2024 జనవరి 1 నుంచి చెల్లిస్తోంది.

అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. 60 క్రెడిట్ల కోర్సుకే దరఖాస్తు చేస్తాను. అసోసియేట్‌గా ఉండగానే మేము కాలిఫోర్నియాకు మారవలసి వస్తే ఎలా? రాష్ట్రాల మధ్య ఏదో ఒప్పందం ఉందని విన్నాను.

రెండవ సమాధానం ఇచ్చినవారు

మీరు విన్నది కౌన్సెలింగ్ కాంపాక్ట్ గురించి, అంటే ఒక రాష్ట్రపు లైసెన్స్‌తో ఒప్పందంలో చేరిన మరో రాష్ట్రంలో పనిచేయనిచ్చే ఏర్పాటు. అది పూర్తి లైసెన్స్ ఉన్నవారికే, అసోసియేట్లకు వర్తించదు. వీలైతే గంటలన్నీ ఒకే రాష్ట్రంలో పూర్తిచేసి, లైసెన్స్ చేతికొచ్చాకే మారండి. మధ్యలో కదలక తప్పకపోతే, అప్పటివరకు చేసిన గంటల పత్రాల మీద ఊరు వదలకముందే సూపర్‌వైజర్ సంతకాలు తీసుకోండి. ఆ సూపర్‌వైజర్ తరవాత ఉద్యోగం మారినా, పదవీ విరమణ చేసినా ఆ సంతకం కోసం తిరగడం మహా కష్టం. ప్రతి పత్రానికీ ఒక నకలు మీ దగ్గరే ఉంచుకోండి; క్లినిక్ ఫైళ్ల మీద ఆధారపడవద్దు.