అప్‌డేట్: కోరా ఎట్టకేలకు వినిపించింది

కోరాకి (సొరబుర్రతో చేసే పశ్చిమాఫ్రికా తీగల వాయిద్యం) స్ట్రింగ్ ఆర్కెస్ట్రా రాస్తున్నా, శ్రుతి కలవట్లేదు, వయొలిన్ల కింద కోరా మునిగిపోతోంది అని అడిగాను కదా. తప్పు నాదే, మధ్యలో స్కేల్ మార్చాను. కోరాకి 21 తీగలున్నా ఏడు స్వరాలే. కాండానికి చుట్టిన తోలు కట్లు ఒక్కొక్కటీ జరిపితేగానీ కొత్త స్వరం రాదు. గాంబియా నుంచి వచ్చిన మా వాయిద్యకారుడు నవ్వి, "ఆర్కెస్ట్రా వాళ్లని ఓ పావుగంట ఆగమనండి" అన్నాడు!

మీరన్నట్టే ఆర్కెస్ట్రానే కోరా శ్రుతికి తెచ్చాను. మొత్తం సౌతా అనే కోరా శ్రుతిలోనే, అంటే ప్రతిమధ్యమంతో, మన కళ్యాణికి దగ్గర. వయొలిన్లకి మ్యూట్, చెల్లోలు వేలితో మీటడమే. రిహార్సల్లో ఆ సొరబుర్ర నాదం చివరి వరుస దాకా అందింది.

మాలి దేశపు కోరా విద్వాంసుడు తుమాని జబాతే 2008లో లండన్ సింఫనీతో చేసిన రికార్డింగ్ వినమన్నవారికి థాంక్స్.