చైనాలో తేనె అమ్మాలంటే లైవ్ హోస్ట్‌కి డబ్బు పెట్టాలా, వద్దా?

ఆక్లాండ్_అనిత:
అందరికీ నమస్కారం. న్యూజిలాండ్‌లో ఒక చిన్న మానుకా తేనె కంపెనీలో మార్కెటింగ్ చూస్తున్నాను. ఈ ఏడాది చైనా వాళ్లకి ఆన్‌లైన్‌లో అమ్మాలని మా ఓనర్ నిర్ణయించుకున్నారు. విదేశీ సరుకు అమ్మే చైనా ఆన్‌లైన్ బజారు టీమాల్ గ్లోబల్‌లో షాపు తెరవాలంటే డిపాజిట్టే వేల డాలర్లు. అమ్మకం మీద కమిషన్ వేరు. అవన్నీ పోగా ప్రచారానికి మిగిలేది కొంచెమే. ఆ కొంచెమూ నవంబర్ 11న వచ్చే పెద్ద ఆన్‌లైన్ సేల్‌కి, లైవ్ వీడియోలో సరుకు చూపించి అమ్మిపెట్టే ఒక పేరున్న హోస్ట్‌కి ఇచ్చేద్దామని ఆయన పట్టు. వాడిన సరుకుల గురించి జనం పోస్టులు పెట్టే చైనా యాప్ షియావ్‌హాంగ్‌షూలో చిన్న ఖాతాల వాళ్లకి సీసాలు పంపి, ఏడాది పొడుగునా నిదానంగా రాయించుకుందామని నా వాదన. అక్కడ పనిచేసినవాళ్లు చెప్పండి, ఏది నయం?

శేషు_షాంఘై:
మీ ఓనర్ చెప్పిందే సరి. నేను ఇక్కడ విదేశీ బ్రాండ్ల షాపులు నడిపే ఏజెన్సీలో ఉన్నాను, రోజూ చూసేదే చెబుతున్నా. ఇక్కడ గూగుల్ లేదు, ఇన్‌స్టా లేదు. మీరు బయట సంపాదించుకున్న పేరు ఇక్కడికి దానంతటదే రాదు. కొనేవాళ్లు ముందు చూసేది ఆ పేజీలో ఎన్ని అమ్ముడయ్యాయి, కింద ఎవరేం రాశారు అని. సున్నా అమ్మకాలున్న పేజీని ఎవరూ నమ్మరు. ఒక్క రాత్రి మంచి హోస్ట్ చూపిస్తే ఆ సున్నా పోతుంది. షియావ్‌హాంగ్‌షూ పోస్టులంటారా, డబ్బిచ్చి రాయించే దొంగ పోస్టుల బెడద తట్టుకోలేక 2022 జనవరిలో ఆ కంపెనీయే కొన్ని ఏజెన్సీల మీద కోర్టుకెళ్లింది. మీ తేనె గురించి రాసింది నిజంగా తిన్నవాళ్లో కాదో ఎవరు నమ్ముతారు?

పెదకాకాని_మెల్‌బోర్న్:
అనిత గారూ, ఆ పని మాత్రం చెయ్యకండి. మాది ఇక్కడ విటమిన్ల వ్యాపారం. లైవ్‌లో మా సరుకుకి చోటిచ్చినందుకు ఒక హోస్ట్‌కి స్లాట్ ఫీజు ముందే కట్టాం, అమ్మినా అమ్మకపోయినా తిరిగి రాదన్నారు. దాని మీద కమిషన్. ఇవి రెండూ కాక, ఆ ఏడాదిలో అంతకన్నా తక్కువ ధర ఇంకెక్కడా ఉండకూడదని షరతు. ఆ రాత్రి సరుకు బాగానే కదిలింది. వారం తిరిగేసరికి రిఫండ్లు మొదలు. ఆ తర్వాత మామూలు ధరకి కొన్నవాడే లేడు, అందరూ మళ్లీ లైవ్ ఎప్పుడు అని అడిగేవాళ్లే. ఇక్కడ మా సరుకు పెట్టుకున్న షాపులవాళ్లు ఫోన్ చేసి, చైనాలో మాకన్నా చవగ్గా ఎలా ఇస్తున్నావని నిలదీశారు. ఆ నష్టం నుంచి ఇప్పటికీ కోలుకోలేదు.

మిర్చియార్డు:
మా గుంటూరు తేజా మిర్చి ఏళ్లుగా చైనా పోతోంది. ఒక్క ప్రకటన కూడా ఇచ్చింది లేదు.

శేషు_షాంఘై:
అన్నా, మీరు కంటైనర్ల లెక్కన వ్యాపారులకి అమ్ముతున్నారు. ఆవిడ ఇంట్లో వాడుకునేవాళ్లకి ఒక్కో సీసా అమ్మాలి. రెండూ వేరు.

పెదకాకాని గారూ, మీ నష్టానికి హోస్ట్ ఏం చేస్తాడు? తక్కువ ధర షరతు అందరికీ తెలిసిందే. లైవ్ కోసం వేరే సైజు ప్యాక్ చేయించుకుంటే మీ షాపులవాళ్లకి ఇబ్బంది ఉండేది కాదు. రిఫండ్లంటారా, ఏడు రోజుల్లో కారణం చెప్పకుండా వాపసు ఇచ్చే హక్కు ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకి 2014 నుంచీ చట్టంలోనే ఉంది. అది లెక్కేసుకోకుండా దిగితే ఎలా?

పెదకాకాని_మెల్‌బోర్న్:
లెక్కేసుకునే దిగాం. లొరియాల్ అంత పెద్ద కంపెనీకే కుదరలేదు, మాకేం కుదురుతుంది? 2021 సేల్‌లో అక్కడి పెద్ద హోస్ట్‌లు లి జియాచి, వియా లైవ్‌లలో 50 ఫేస్ మాస్కులు 429 యువాన్లకి ముందస్తు బుకింగ్ పెట్టారు, ఏడాదిలోనే పెద్ద తగ్గింపు అని చెప్పుకున్నారు. నవంబర్‌లో అదే కంపెనీ సొంత లైవ్‌లో కూపన్లు కలిపితే 257 చిల్లరకే వచ్చింది. కొన్నవాళ్లు మండిపడ్డారు.

శేషు_షాంఘై:
సరిగ్గా నా వాదనే చెప్పారు! మాట తప్పింది కంపెనీ. హోస్ట్‌లిద్దరూ కొన్నవాళ్ల పక్షాన నిలబడి కంపెనీతో పని ఆపేశారు.

పెదకాకాని_మెల్‌బోర్న్:
పక్షాన నిలబడ్డారా, తమ షరతు కాపాడుకున్నారా? కంపెనీ తన సొంత షాపులో తన సరుక్కి తాను ధర పెట్టుకోకూడదా?

శేషు_షాంఘై:
పెట్టుకోవచ్చు. ఏడాదిలో ఇదే తక్కువ అని చెప్పాక పెట్టుకోకూడదు. 429 ఇచ్చినవాళ్ల సంగతి ఆలోచించండి.

పెదకాకాని_మెల్‌బోర్న్:
అది కూపన్ల లెక్క. కొన్నవాళ్లందరికీ ఆ కూపన్లు దొరకలేదు.

శేషు_షాంఘై:
దొరికినవాళ్లకి దొరికాయి కదా. 257కి అమ్మారా లేదా? ఒక్క మాటలో చెప్పండి.

నెల్లూరు_నవీన్:
మాస్కులు వదిలెయ్యండి సార్లూ. ఆవిడ అడిగింది తేనె.

ఆక్లాండ్_అనిత:
నవీన్ గారూ, థాంక్స్. ఇంకొక సందేహం. హోస్ట్ టీమ్ పంపిన స్క్రిప్టులో గొంతు నొప్పి తగ్గుతుంది, కడుపులో పుండు మానుతుంది, ప్రపంచంలో అత్యుత్తమ తేనె అని రాశారు. అలా చెప్పొచ్చా?

శేషు_షాంఘై:
మూడూ కొట్టేయించండి, ఈ రోజే. తిండి సరుక్కి జబ్బు నయం చేసే గుణం అంటగట్టకూడదు. ‘అత్యుత్తమ’ లాంటి మాటలకి 2015లో మార్చిన ప్రకటనల చట్టం ప్రకారం రెండు లక్షల యువాన్ల నుంచి పది లక్షల దాకా జరిమానా ఉంది. ఇలాంటి తప్పులు వెతికి ఫిర్యాదు చేసి పరిహారం లాగడమే బతుకుతెరువుగా పెట్టుకున్నవాళ్లు ఇక్కడ చాలామంది. షాపు పేజీలో కూడా రాయకండి.

పెదకాకాని_మెల్‌బోర్న్:
చూశారా అనిత గారూ? స్క్రిప్టు రాసింది వాళ్లు, జరిమానా వస్తే మీ కంపెనీకీ వస్తుంది. సొమ్మొకడిది సోకొకడిది. వియాకి 2021 డిసెంబర్‌లో పన్ను ఎగవేత కింద 134 కోట్ల యువాన్లు కట్టమన్నారు. ఆ రోజే ఆవిడ ఖాతాలన్నీ మాయం. 2023లో లి జియాచి, 79 యువాన్ల కనుబొమ్మ పెన్సిల్ ఖరీదెక్కువని ఎవరో అంటే, మీరు కష్టపడి పనిచేశారా, జీతం పెరిగిందా అని లైవ్‌లోనే దులిపేశాడు. తిట్లు తిన్నది అతనొక్కడే కాదు, ఆ పెన్సిల్ కంపెనీ కూడా. శేషు గారి ఏజెన్సీ ఫీజు మాత్రం నెలనెలా అందుతూనే ఉంటుంది.

శేషు_షాంఘై:
నా జీతం మీదికి వచ్చారు కాబట్టి నేనూ సూటిగానే చెబుతా. మీ దృష్టిలో చైనా కొనుగోలుదారంటే ఇప్పటికీ మెల్‌బోర్న్ షాపుల్లో పాలపొడి డబ్బాలు సంచుల్లో నింపుకున్న విద్యార్థులే. వాళ్లే మోసుకెళ్లి, వాళ్లే అమ్మిపెట్టారు, మీరు కాలు కదపకుండా సంపాదించారు. 2019లో అలా అమ్మేవాళ్లని కట్టడి చేసే ఈ-కామర్స్ చట్టం వచ్చింది, మరుసటి ఏడాదే కోవిడ్‌తో సరిహద్దులు మూతపడ్డాయి. ఏ2 మిల్క్ అంతటి పాలపొడి కంపెనీ అమ్మకాలు కుదేలయ్యాయి. ఇప్పుడు ఊరికే వచ్చే అమ్మకం లేదని కోపం. ఆ కోపం హోస్ట్‌ల మీద చూపిస్తున్నారు.

పెదకాకాని_మెల్‌బోర్న్:
ఆ పిల్లల్ని చులకన చెయ్యకండి. నా వ్యాపారం నిలబడింది వాళ్ల వల్లే, ఆ మాట ఎక్కడైనా చెబుతా. ఒక డబ్బా సీలు ఊడి ఉంటే వాళ్లు మా షాపుకొచ్చి నా మొహం మీదే అడిగేవాళ్లు, ఎందుకంటే అటు వాళ్ల పిన్నికో, అక్క స్నేహితురాలికో జవాబు చెప్పాలి. మీ హోస్ట్ ఎవరికి జవాబు చెబుతాడు? లైవ్ అయిపోయాక రాత్రి రెండింటికి ఒకామె, గర్భిణిని, ఇది వేసుకోవచ్చా అని షాపుకి మెసేజ్ పెట్టింది. మీలాంటి ఏజెన్సీ కుర్రాడు రెడీగా ఉన్న ‘ధన్యవాదాలు ప్రియమైన కస్టమర్’ అతికించాడు. నాకు కడుపు మండింది అక్కడ. ధర దగ్గర కాదు.

శేషు_షాంఘై:
అయితే ఇన్ని పోస్టులుగా మాస్కుల గొడవ ఎందుకు పెట్టారు? ఈ సంగతి మొదటే చెప్పాల్సింది. ఆ కుర్రాడికి మీ విటమిన్ల గురించి ఎవరు నేర్పారు? మీ దగ్గర్నుంచి చైనీస్ తెలిసిన మనిషి ఒక్కరైనా వచ్చి కూర్చున్నారా? విదేశీ కంపెనీలన్నీ మాకు పీడీఎఫ్ పంపి చేతులు దులుపుకుంటాయి. రాత్రి రెండింటికి జవాబు చెప్పేది మేం, సరుకు గురించి తెలిసినవాళ్లు నిద్రపోతుంటారు.

పెదకాకాని_మెల్‌బోర్న్:
మనిషిని పెట్టడానికి డబ్బేదీ? స్లాట్ ఫీజుకే పోయింది కదా.

గాజువాక_గీత:
పై రెండు పోస్టులూ ఒకే మాట చెబుతున్నాయి, చదువుకోండి ఇద్దరూ. అనిత గారూ, మీ బడ్జెట్‌లో ఆ మనిషి ఉన్నారా?

ఆక్లాండ్_అనిత:
లేరు. మేం వాదించుకుందంతా హోస్టా, పోస్టులా అనే. జవాబులు ఏజెన్సీ చూసుకుంటుందని ఓనర్ అన్నారు, నేనూ అడ్డు చెప్పలేదు. మా ప్యాకింగ్‌లో చైనాలోని ఛెంగ్దూ నుంచి వచ్చినావిడ ఉన్నారు, తేనె గ్రేడ్ల గురించి నాకన్నా బాగా చెబుతారు. సాయంత్రాలు ఆవిడ షాపు మెసేజీలు చూసేలా జీతం పెంచమని సోమవారం అడుగుతాను. శేషు గారూ, ఏజెన్సీ నడిపే షాపు చాట్‌లో మా మనిషికి వేరే లాగిన్ ఇస్తారా?

శేషు_షాంఘై:
ఇస్తారు, సబ్-అకౌంట్ అంటారు. కాంట్రాక్టులో ముందే రాయించుకోండి, తర్వాత అడిగితే నాన్చుతారు. మీకూ ఇక్కడికీ నాలుగైదు గంటల తేడా, అర్ధరాత్రి దాకా ఆవిడ కూర్చోలేరు కాబట్టి గర్భిణులు, పిల్లలు, షుగర్ ఉన్నవాళ్ల ప్రశ్నలకి జవాబులు ఆవిడ చేతే చైనీస్‌లో రాయించి మా వైపు వాళ్లకి ఇవ్వండి. ఏడాది లోపు పిల్లలకి తేనె పెట్టకూడదన్నది అన్నిటికన్నా పైన ఉండాలి.

పెదకాకాని_మెల్‌బోర్న్:
ఇది మంచి మాట. స్లాట్ ఫీజు మాత్రం కట్టకండి.

శేషు_షాంఘై:
కమిషన్ మీదే చేసే చిన్న హోస్ట్‌లు ఉన్నారు, అడగండి. 429 సంగతికి మీరింకా జవాబు చెప్పలేదు.