సీ షార్ప్‌లో కాలమ్ పేరును బట్టి ప్రాపర్టీకి విలువ ఇవ్వడం ఎలా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. సిబ్బంది వివరాల సీఎస్‌వీ ఫైల్ (గడుల మధ్య కామాలుండే టెక్స్ట్ ఫైల్) చదివి ఎంప్లాయీ ఆబ్జెక్టుల్లో నింపాలి. కాలమ్‌ల వరుస ప్రతి నెలా మారుతోంది, అందుకే ఇఫ్-ఎల్స్‌లు వద్దనుకుని రిఫ్లెక్షన్‌కి (ప్రోగ్రామ్ నడుస్తుండగా పేరును బట్టి ప్రాపర్టీని వెతికే పద్ధతికి) వచ్చాను. గెట్‌ప్రాపర్టీకి కాలమ్ పేరిచ్చి, వచ్చినదానిపై సెట్‌వాల్యూ పిలుస్తున్నాను. పేరు బాగానే పడుతోంది. జీతం దగ్గరికి వచ్చేసరికి స్ట్రింగ్‌ని డెసిమల్‌గా మార్చలేనని ఎర్రర్. రేపు సాయంత్రానికి ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ దారి సరైనదే తమ్ముడూ. సెట్‌వాల్యూ మీ కోసం స్ట్రింగ్‌ని అంకెగా మార్చి పెట్టదు. ముందు ప్రాపర్టీటైప్ ఏమిటో చూసి, కన్వర్ట్ క్లాస్‌లోని చేంజ్‌టైప్‌తో మార్చి, ఆ తర్వాత ఇవ్వండి. కల్చర్ (అంకెలు, తేదీలు రాసే పద్ధతి) దగ్గర ఏ దేశానికీ చెందని, మారని ఇన్వేరియంట్‌కల్చర్ పెట్టండి, లేకపోతే సర్వర్ సెట్టింగ్ మారినప్పుడల్లా ఫలితం మారుతుంది. గెట్‌ప్రాపర్టీ పెద్దక్షరం, చిన్నక్షరం తేడా చూస్తుంది, పేరు కలవకపోతే నల్ (ఏమీ లేదని చెప్పే విలువ) ఇస్తుంది. ఆ నల్‌ని తప్పకుండా చెక్ చేయండి.

ప్రశ్నించినవారు: జీతం పడింది అన్నా, చాలా థ్యాంక్స్! ఇప్పుడు బదిలీ తేదీ దగ్గర ఇన్‌వ్యాలిడ్ కాస్ట్ అంటోంది. అది నల్లబుల్ డేట్‌టైమ్, అంటే తేదీ గానీ నల్ గానీ ఉండొచ్చు.

జవాబు: చేంజ్‌టైప్‌కి నల్లబుల్ తెలియదు. నల్లబుల్ క్లాస్‌లోని గెట్‌అండర్‌లైయింగ్‌టైప్‌తో లోపలి టైప్ తీసుకుని దానికి మార్చండి. గడి ఖాళీగా ఉంటే మార్చకుండా నల్ పెట్టండి. కానీ నల్లబుల్ కాని ప్రాపర్టీకి నల్ ఇస్తే సెట్‌వాల్యూ ఎర్రర్ ఇవ్వదు, డీఫాల్ట్ విలువ పెట్టేస్తుంది. అంటే జీతం గడి ఖాళీగా వస్తే ఆ మనిషి జీతం చడీచప్పుడు లేకుండా సున్నా అయిపోతుంది. అలాంటి వరుస (రో) కనిపిస్తే మీరే ఆపి, వరుస నంబరుతో సహా చెప్పండి.

ఇంకొకరు: తేదీల గురించి నాదీ ఒక మాట. మన ఫైళ్లలో రోజు ముందు, నెల తర్వాత రాస్తాం. ఇన్వేరియంట్‌కల్చర్ నెలను ముందు చదువుతుంది. 25/08/2021 అయితే ఎర్రర్ వస్తుంది కాబట్టి పట్టుకుంటారు. 05/08/2021 మాత్రం ఆగస్టు 5 కాస్తా మే 8 అయి కూర్చుంటుంది, ఎర్రరూ రాదు. ఈ తప్పు నేను చేశాను, సర్వీసు లెక్కలు తేడా వచ్చాక గానీ తెలియలేదు. డేట్‌టైమ్ ప్రాపర్టీలని చేంజ్‌టైప్‌కి వదలకండి, పార్స్‌ఎగ్జాక్ట్‌లో రోజు, నెల, సంవత్సరం వరుస మీరే చెప్పండి.

ప్రశ్నించినవారు: ఇప్పుడే చూశాను, నాకూ రెండు తేదీలు తారుమారయ్యాయి! పార్స్‌ఎగ్జాక్ట్ పెట్టాక సరిపోయాయి. వరుసలు వేలల్లో ఉంటాయి, నెమ్మదిస్తుందా?

జవాబు: ప్రతి గడికీ గెట్‌ప్రాపర్టీ పిలవకండి. హెడర్ చదవగానే ఏ కాలమ్‌కి ఏ ప్రాపర్టీనో ఒక డిక్షనరీలో పెట్టుకుని, వరుసలన్నిటికీ అదే వాడండి. ఎంప్లాయీ స్ట్రక్ట్ (క్లాస్‌లా కాకుండా, ఇచ్చిన ప్రతిసారీ కాపీ అయ్యే టైప్) కాదు కదా? స్ట్రక్ట్ అయితే విలువ కాపీలో పడి, అసలుది అలాగే ఉండిపోతుంది.

ప్రశ్నించినవారు: క్లాసే అన్నా. డిక్షనరీ రాస్తున్నాను.