మొదటి యాప్ స్టోర్‌లో పెట్టబోతున్నాను, ముందే తెలిసుంటే బాగుండేదని మీకు అనిపించినవి చెప్పండి

మొదటియాప్:
అందరికీ నమస్కారం. ఎనిమిది నెలలుగా ఉద్యోగం అయ్యాక రాత్రిళ్లు కూర్చుని మందుల వేళ గుర్తుచేసే యాప్ ఒకటి రాస్తున్నాను. అమ్మ రోజుకు ఐదు రకాల మాత్రలు వేసుకుంటుంది, వేసుకుందో లేదో ఒక్కోసారి తనకే గుర్తుండదు, అలా మొదలైంది. ఫ్లట్టర్ అనే యాప్‌లు రాసే సాధనంతో రాశాను, డేటా గూగుల్ వాళ్ల ఆన్‌లైన్ సర్వీసు ఫైర్‌బేస్‌లో ఉంది. వచ్చే నెల విడుదల చేద్దామనుకుంటున్నాను. నేను చూసిన ట్యుటోరియల్స్ అన్నీ యాప్ ఫోన్‌లో నడవగానే ఆగిపోతున్నాయి. ఆ తర్వాత స్టోర్‌లో ఏం జరుగుతుంది, డేటాను ఎలా కాపాడాలి, మనల్ని ఎవరూ ఎరగనప్పుడు యాప్ జనానికి ఎలా తెలుస్తుంది, ఇవే నా టెన్షన్. మీకు ఎక్కడ దెబ్బ తగిలిందో చెప్తే చాలు.

రాత్రిబిల్డ్:
ముందు తేదీల సంగతి చూసుకోండి. మీ ప్లే కన్సోల్ అకౌంట్ (గూగుల్ ప్లే స్టోర్‌లో యాప్‌లు పెట్టడానికి తెరిచేది) వ్యక్తిగతమైనదై, 2023 నవంబర్ 13 తర్వాత తెరిచినదైతే నేరుగా విడుదల చేయలేరు. క్లోజ్డ్ టెస్ట్, అంటే పిలిచినవాళ్లకే యాప్ ఇచ్చే పరీక్ష పెట్టాలి, కనీసం 12 మంది టెస్టర్లు వరుసగా 14 రోజులు అందులో చేరి ఉండాలి, ఆ తర్వాతే ప్రొడక్షన్‌కి, అంటే అందరికీ విడుదల చేయడానికి దరఖాస్తు. మొదట్లో 20 మంది కావాల్సి వచ్చేది, 2024 డిసెంబర్‌లో 12కి తగ్గించారు. నాకు ఇది తెలియక విడుదల తేదీ అందరికీ చెప్పేశాను, తర్వాత నెల రోజులు సమాధానం చెప్పుకుంటూ తిరిగాను.

డబ్బులు తీసుకుని టెస్టర్లను ఇస్తామనేవాళ్లు తగులుతారు, వాళ్ల జోలికి పోవద్దు. నేను వెళ్లాను. యాప్ ఇన్‌స్టాల్ చేశారు, ఒక్కరూ తెరవలేదు. దరఖాస్తులో టెస్టర్లు ఏం చెప్పారు, మీరేం మార్చారు అని అడుగుతారు, రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. మీ యాప్‌కి మాత్రలు వేసుకునేవాళ్లే టెస్టర్లుగా కావాలి, చుట్టాల్లో, తెలిసినవాళ్లలో పన్నెండు మంది తప్పకుండా దొరుకుతారు. ప్లే కన్సోల్‌లో ఆరోగ్య యాప్‌ల డిక్లరేషన్ ఫారం కూడా ఒకటుంది, దాన్ని చివరి రోజుకి వదిలేయకండి.

తాళంచెవి:
నేను రెండు సార్లు దెబ్బ తిన్నాను, రెండూ తాళాల దగ్గరే.

మొదటిది సైనింగ్ కీ, యాప్ మనదేనని ముద్ర వేసే డిజిటల్ తాళం. చాలా ఏళ్ల కిందట ఆ కీ ఉండే కీస్టోర్ ఫైల్ ఒక్క ల్యాప్‌టాప్‌లోనే ఉంచాను, హార్డ్ డిస్క్ పోయింది. అదే కీతో సైన్ చేయని అప్‌డేట్‌ని ఆండ్రాయిడ్ తీసుకోదు కాబట్టి పాత యాప్ అక్కడే ఆగిపోయింది, వేరే ప్యాకేజీ పేరుతో మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాను, రివ్యూలన్నీ పోయాయి. 2021 ఆగస్టు నుంచి ప్లేలో కొత్త యాప్‌లు యాప్ బండిల్ అనే రూపంలోనే ఎక్కించాలి, అసలు కీ గూగుల్ దగ్గర ఉంటుంది, మన దగ్గరుండేది స్టోర్‌కి పంపేటప్పుడు వాడే అప్‌లోడ్ కీ, అది పోయినా రీసెట్ చేయించుకోవచ్చు. అయినా రెండు చోట్ల దాచుకోండి. స్టోర్ బయట ఏపీకే (నేరుగా ఫోన్‌లో ఎక్కించుకునే ఫైల్)గా పంచే ఆలోచన ఉంటే మరీ ముఖ్యం, అక్కడ మీ కీ పోతే ఎవరూ తెచ్చివ్వలేరు.

రెండోది ఎక్కువ బాధపెట్టింది. ఓటీపీ మెసేజ్‌లు పంపే సర్వీసు కీని (పాస్‌వర్డ్ లాంటిది) యాప్ లోపలే పెట్టాను. ఎవరో యాప్ విప్పి చూసి, కీ తీసుకుని, రెండు రోజులు ఎడాపెడా మెసేజ్‌లు పంపుకున్నారు. బిల్లు నాకు వచ్చింది. మీరు ఫ్లట్టర్ అన్నారు కాబట్టి చెప్తున్నాను, ఫ్లట్టర్‌లో రాసే డార్ట్ భాష కోడ్ మెషీన్ కోడ్‌గా మారిపోతుంది, యాప్‌లు విప్పి చూసే జాడెక్స్‌లో కనిపించదు అని ధైర్యంగా ఉండకండి. బిల్డ్‌లో లిబ్‌యాప్ అనే ఫైల్ ఉంటుంది, దాని మీద ఫైల్‌లోని అక్షరాలు బయటికి తీసే స్ట్రింగ్స్ కమాండ్ నడిపి చూడండి, మీరు రాసిన కీ అక్షరం పోకుండా కనిపిస్తుంది. సెట్టింగులు విడిగా రాసుకునే ఎన్‌వీ ఫైల్‌లో పెట్టినా అంతే, బిల్డ్‌తో పాటు అదీ లోపలికి వెళ్లిపోతుంది. డబ్బు ఖర్చయ్యే ఏ కీ అయినా సర్వర్ మీదే ఉండాలి, యాప్ సర్వర్‌ని అడగాలి, సర్వర్ ముందు మనిషి ఎవరో చూసుకుని పని చేయాలి. సాఫ్ట్‌వేర్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ వాళ్ల 2024 మొబైల్ జాబితాలో మొట్టమొదటి ప్రమాదంగా రాసింది కూడా కీలు, పాస్‌వర్డ్‌లు సరిగా వాడకపోవడాన్నే.

ఫైర్‌బేస్ కాన్ఫిగ్ (సెట్టింగుల ఫైల్)లో ఉండే ఏపీఐ కీ మాత్రం మామూలుగా రహస్యం కాదు, దాని గురించి భయపడకండి. అక్కడ కాపలా కాసేవి ఎవరు ఏ డేటా చదవొచ్చో, రాయొచ్చో చెప్పే సెక్యూరిటీ రూల్స్. ఇంతకీ మీ రూల్స్ ఏ మోడ్‌లో ఉన్నాయి?

మొదటియాప్:
ఇప్పుడే తెరిచి చూశాను. టెస్ట్ మోడ్‌లో (ఎవరైనా చదివి, రాయగలిగే తాత్కాలిక రూల్స్) మొదలుపెట్టాను, ముప్పై రోజులు అయ్యాక ఆగిపోతే ఎవరో ఇచ్చిన సలహా చూసి లాగిన్ అయినవాళ్లంతా చదవొచ్చు, రాయొచ్చు అని మార్చాను. ఇప్పుడు ఇంకో అకౌంట్‌తో లాగిన్ అయి, అమ్మ యూజర్ ఐడీ ఇచ్చి అడిగితే ఆమె మందుల జాబితా మొత్తం వచ్చేసింది. చేతులు చల్లబడ్డాయి.

తాళంచెవి:
విడుదలకు ముందే కనబడింది, అదే పదివేలు. లాగిన్ అయ్యాడా లేదా అన్న ప్రశ్న సరిపోదు, ఈ డాక్యుమెంట్ (డేటాలో ఒక రికార్డు) ఇతనిదేనా అని రూల్‌లో అడగాలి, అంటే లాగిన్ అయినవాడి యూఐడీ (యూజర్ ఐడీ), డాక్యుమెంట్ దారిలో ఉన్న యూఐడీ ఒకటేనా అని. ఫైర్‌బేస్‌ని మన కంప్యూటర్‌లోనే నడిపే ఎమ్యులేటర్‌లో రూల్స్‌కి టెస్టులు రాయొచ్చు. ఒకరి డేటా ఇంకొకరు చదవబోతే కుదరకూడదు అనే టెస్ట్ ఒక్కటి రాసి పెట్టుకోండి, తర్వాత మీరే తొందరలో రూల్ మార్చినా అది పట్టుకుంటుంది.

పాతకోడ్:
సెక్యూరిటీ గురించి వాళ్లు చెప్పారు. నేను అలారం గురించి చెప్తాను, ఎందుకంటే మందుల యాప్ మోగాల్సిన వేళ మోగకపోతే దానికంటే పెద్ద తప్పు లేదు.

మీ ఫోన్‌లో మోగుతోంది అంటే అర్థం, మీరు రోజూ ఆ ఫోన్ చేతిలో పట్టుకుని ఉన్నారని మాత్రమే. ఆండ్రాయిడ్ 6 నుంచి డోజ్ అనే బ్యాటరీ ఆదా పద్ధతి ఉంది, ఫోన్ కదలకుండా స్క్రీన్ ఆఫ్‌లో పడి ఉంటే మామూలు అలారాలను వెనక్కి నెడుతుంది. చెప్పిన వేళకే మోగే ఎగ్జాక్ట్ అలారం వాడాలి, కానీ ఆండ్రాయిడ్ 14లో కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకున్న చాలా యాప్‌లకు ఆ అనుమతి మొదట్లో ఉండదు, ఉందో లేదో చూసుకుని లేకపోతే సెట్టింగ్స్ పేజీకి తీసుకెళ్లాలి. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్‌కీ అనుమతి అడగాలి. ఇక ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే పెట్టుకున్న అలారాలన్నీ పోతాయి, బూట్ అయ్యాక మనమే మళ్లీ పెట్టాలి. కొన్ని కంపెనీల ఫోన్లు బ్యాటరీ మిగల్చడానికి యాప్‌ని పూర్తిగా ఆపేస్తాయి, దానికి కోడ్‌లో మందు లేదు, వాడేవాళ్లకు బొమ్మలతో చెప్పాలి.

రాత్రి దాకా ఆగకుండా పరీక్షించాలంటే కంప్యూటర్ నుంచి ఫోన్‌కి ఆదేశాలిచ్చే ఏడీబీలో డివైస్‌ఐడిల్ ఫోర్స్‌ఐడిల్ కమాండ్ ఉంది, ఫోన్‌ని డోజ్‌లోకి నెట్టేస్తుంది. అయినా ఒక పాత ఫోన్‌ని బల్ల మీద పెట్టి ముట్టుకోకుండా ఒక రాత్రి వదిలేయండి, అసలు సంగతి తెల్లారితే తెలుస్తుంది. ఐఫోన్‌లో ఇంకో చిక్కు, ఒక యాప్‌కి 64 లోకల్ (ఫోన్‌లోనే ముందుగా పెట్టుకునే) నోటిఫికేషన్లకు మించి వరుసలో ఉండవు. ఐదు మాత్రలు, నెల రోజులు అని విడివిడిగా పెట్టారా, సగం కూడా పట్టవు. రోజూ తిరిగి వచ్చేలా పెట్టుకోవాలి.

అనుమతి ఎప్పుడు అడుగుతున్నామన్నది కూడా చూడండి. యాప్ తెరవగానే అడిగితే ఎందుకో తెలియక వద్దంటారు, ఐఫోన్‌లో ఒకసారి వద్దంటే ఆ అనుమతి అడిగే డబ్బా మళ్లీ రాదు. మొదటి మందు పేరు, వేళ ఎక్కించాక, ఇప్పుడు గుర్తుచేయమంటారా అని అడిగితే దాదాపు అందరూ సరేనంటారు, నా యాప్‌లో అదే చూశాను.

కవచం:
నేను బ్యాంకింగ్ యాప్‌ల మీద పని చేస్తాను. సర్టిఫికెట్ పిన్నింగ్ (యాప్ ఫలానా సర్వర్ సర్టిఫికెట్‌నే నమ్మేలా కట్టేయడం), రూట్ డిటెక్షన్ (ఫోన్ తాళాలు విప్పేశారేమో చూడడం) పెట్టమని సలహా.

తాళంచెవి:
ఒంటరిగా యాప్ నడిపే మనిషికి పిన్నింగ్ నేను చెప్పను బ్రో. సర్వర్ సర్టిఫికెట్ మారిన రోజు పిన్ సరిపోక యాప్ ఒక్కసారిగా ఆగిపోతుంది, వాడేవాళ్లు అప్‌డేట్ చేసుకునేదాకా దారి లేదు. పైగా ఈయన వాడేది ఫైర్‌బేస్, ఆ సర్టిఫికెట్లు ఈయన చేతిలో లేవు. మామూలు టీఎల్ఎస్ (డేటాను దారిలో ఎవరూ చదవకుండా కాపాడేది) సరిగా ఉంటే చాలు, ఆ రక్షణ లేని సాదా హెచ్‌టీటీపీ యాప్‌లో ఎక్కడా వాడకుండా చూసుకుంటే సరి.

కవచం:
ఫైర్‌బేస్ మాట నిజమే, గమనించలేదు. సొంత సర్వర్ ఉంటే బ్యాకప్ పిన్ కూడా పెట్టుకుని చేయొచ్చు, ఇక్కడ వద్దు. అయితే ఈ యాప్‌కి వేరే ముప్పు ఉంది, దాన్ని మీరెవరూ అనలేదు. నోటిఫికేషన్‌లో మందు పేరు లాక్ స్క్రీన్ మీద కనిపిస్తే పక్కన కూర్చున్నవాళ్లకి ఆ మనిషి జబ్బేమిటో తెలిసిపోతుంది. కొన్ని మందుల పేర్లు చూస్తే చాలు. "మీ మందు వేళయింది" అని మాత్రమే చూపించి, పేరు కావాలన్నవాళ్లకే ఆన్ చేసుకునే వీలివ్వండి. అలాగే అనలిటిక్స్‌కి (యాప్‌ని ఎలా వాడుతున్నారో లెక్కలు), క్రాష్ రిపోర్టులకి మందు పేరు పొరపాటున కూడా వెళ్లకూడదు. ఆండ్రాయిడ్‌లో అలౌబ్యాకప్ అనే సెట్టింగ్ మనం మార్చకపోతే ఆన్‌లోనే ఉంటుంది, ఏ ఫైళ్లు బ్యాకప్‌లోకి వెళ్తున్నాయో ఒకసారి చూసుకోండి. అకౌంట్ ఉన్న యాప్ కాబట్టి, అకౌంట్ తొలగించుకునే దారి యాప్‌లోనే ఇవ్వాలి. ఆపిల్ 2022 జూన్ 30 నుంచి అడుగుతోంది, ప్లేలో అయితే వెబ్ లింక్ కూడా కావాలి.

స్టోర్‌మెట్లు:
ప్రచారం గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను రాస్తాను.

నా మొదటి యాప్‌కి దాచుకున్న డబ్బంతా ఒక ప్రచార ఏజెన్సీకి ఇచ్చాను. వారంలో ఇన్‌స్టాల్స్ వేలల్లో వచ్చాయి, ఇంట్లోవాళ్లకి గ్రాఫ్ చూపించి సంబరపడ్డాను. తర్వాతి వారం చూస్తే దాదాపు అందరూ తీసేశారు. వాళ్లకి ఆ యాప్ అవసరమే లేదు, ఏదో ఆటలో నాణేల కోసం ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్లు. అప్పటి నుంచి నేను చూసే అంకె ఒక్కటే, ఏడో రోజు ఎంతమంది యాప్ తెరుస్తున్నారు. కొన్న రివ్యూల జోలికి అసలు వెళ్లకండి, రెండు స్టోర్లూ ఒప్పుకోవు, అకౌంట్‌కే ముప్పు.

పైసా ఖర్చు లేనిది స్టోర్ పేజీ. ప్లేలో పేరుకి 30 అక్షరాలు, చిన్న వివరణకి 80. ఆపిల్‌లో పేరుకి 30, సబ్‌టైటిల్‌కి 30, పైకి కనిపించని కీవర్డ్ గడికి 100, పేరులో వాడిన మాటని అక్కడ మళ్లీ రాసి చోటు పాడు చేయకండి. మీరు పెట్టుకున్న అందమైన పేరు కోసం ఎవరూ వెతకరు. మనిషి వెతికేది మందు, మాత్ర, అలారం, గుర్తు. ఆ మాటలు పేరులోనే ఉండాలి. మొదటి స్క్రీన్‌షాట్‌లో లాగిన్ పేజీ పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు, దయచేసి వద్దు, అలారం మోగుతున్న స్క్రీన్ పెట్టండి.

రేటింగ్ అడిగే వేళ కూడా ఉంటుంది. వారం రోజులు ఒక్క మాత్రా తప్పకుండా వేసుకున్నారని యాప్‌కి తెలిసిన క్షణం ఉంది చూడండి, అప్పుడు. ఐఫోన్‌లో 365 రోజుల్లో మూడు సార్లకు మించి రేటింగ్ అడిగే డబ్బా కనిపించదు, కాబట్టి వృథా చేయకండి. ఒక్క నక్షత్రం ఇచ్చినవాళ్లకి కూడా కోపం లేకుండా జవాబు రాయండి. నాకు ఒకావిడ ఒకటిచ్చారు, ఫాంట్ చిన్నదని. సరిచేసి జవాబు రాస్తే వచ్చి ఐదుకి మార్చారు, తర్వాత వాళ్ల స్నేహితులకి కూడా చెప్పారు.

చిన్నస్టూడియో:
ప్రకటనలు పూర్తిగా వద్దంటే ఒప్పుకోను. మాకు పని చేశాయి, కానీ యాప్ వచ్చిన ఆరు నెలల తర్వాత. అప్పటికి యాప్‌ని ఎవరు వదలకుండా వాడుతున్నారో తెలుసు కాబట్టి వాళ్లలాంటి వాళ్లకే చూపించాం, రోజుకి చిన్న మొత్తంతో.

ముందే డబ్బులు తీసుకునే ఫీచర్ పెడితే ఒకటి గుర్తుంచుకోండి, ప్లే బిల్లింగ్‌లో కొనుగోలుని మూడు రోజుల్లోపు అక్నాలెడ్జ్ చేయకపోతే (అందిందని గూగుల్‌కి చెప్పకపోతే) డబ్బు దానంతటదే వెనక్కి వెళ్లిపోతుంది. మా కోడ్‌లో ఆ ఒక్క లైను తప్పిపోయి మొదటి వారం అమ్మకాలన్నీ తిరిగి వెళ్లాయి, కారణం దొరకడానికి రెండు రాత్రులు పట్టింది.

రాత్రిబిల్డ్:
ఇంకోటి, అప్‌డేట్లని ఒకేసారి అందరికీ వదలకండి. ముందు 5 శాతం మందికి, రెండు రోజులు చూసి మిగతావాళ్లకి. మొదటి విడుదలకి ఆ సౌకర్యం ఉండదు, అప్‌డేట్లకే. తప్పు దొర్లితే ఆపొచ్చు, కానీ ఇప్పటికే తీసుకున్నవాళ్లని పాత వెర్షన్‌కి లాగలేం, వెర్షన్ కోడ్ (యాప్ వెర్షన్ అంకె) పెంచి కొత్తది పంపాల్సిందే. క్రాష్ రేటు వాడేవాళ్లలో 1.09 శాతం దాటితే ప్లేలో మీ యాప్ వెనక్కి వెళ్లే ప్రమాదం ఉంది.

మొదటియాప్:
మూడు వారాల తర్వాత వచ్చాను. రూల్స్ మార్చాను, తాళంచెవి గారు చెప్పిన టెస్ట్ రాశాను, ఇప్పుడు ఇంకో అకౌంట్‌కి అమ్మ జాబితా రాదు. లాక్ స్క్రీన్ మీద మందు పేరు తీసేశాను. టెస్టర్లు పదమూడు మంది, అందరూ మందులు వాడేవాళ్లే. ఐదో రోజు ఒకాయన ఫోన్ చేసి నిన్న మధ్యాహ్నం నుంచి మోగడం లేదన్నారు. కనుక్కుంటే ఛార్జ్ అయిపోయి ఫోన్ ఆగిందట, మళ్లీ ఆన్ చేశారు. పాతకోడ్ గారు చెప్పిందే. బూట్ దగ్గర మళ్లీ పెట్టే కోడ్ ఉంది కానీ యాప్ ఒకసారి తెరిస్తేనే నడిచేలా రాశాను. సరిచేసి పంపాను, ఆ తర్వాత వాళ్లెవరికీ తప్పలేదు.

ఒక ప్రశ్న మిగిలింది. ముగ్గురు టెస్టర్లు ఒకటే అడుగుతున్నారు, మాత్ర వేసుకోకపోతే పిల్లల ఫోన్‌కి కబురు వెళ్లాలని. విడుదలకు ముందే పెట్టనా?

పాతకోడ్:
ఇప్పుడు పెట్టకండి. ఇప్పటిదాకా ఒకరి డేటా ఒకరికే అని రూల్ రాశారు, ఇది పెడితే ఆ రూల్ మళ్లీ తెరవాలి, ఎవరు ఎవరికి అనుమతి ఇచ్చారు, అది ఎప్పుడు వెనక్కి తీసుకోవచ్చు అన్నవన్నీ రావాలి. పెద్దవాళ్లలో పిల్లలకి తెలియడం ఇష్టం లేనివాళ్లూ ఉంటారు, అడిగినవాళ్లు తల్లిదండ్రులా పిల్లలా అన్నది ముందు కనుక్కోండి. అలారం సరిగా మోగేది ముందు బయటకు రానివ్వండి.

మొదటియాప్:
అడిగాను. ముగ్గురిలో ఇద్దరు పిల్లలే, తల్లిదండ్రుల ఫోన్‌లో యాప్ పెట్టినవాళ్లు. అయితే ముందు ఆ తల్లిదండ్రులతో మాట్లాడతాను. ప్రొడక్షన్ దరఖాస్తు ఈ రాత్రే పంపుతున్నాను.