స్వీట్ షాపు ఓపెనింగుకి కరపత్రాలు దండగా?

మిఠాయిపొట్లం:
తెనాలిలో దసరాకి స్వీట్ షాపు ఓపెనింగ్. 5000 ఏ5 కరపత్రాలు పేపర్లలో పెట్టిద్దామని నాన్నగారు, ఆ డబ్బు ఇన్‌స్టాగ్రామ్ యాడ్స్‌కి పెడదామని నేను. 1080×1080 పోస్టర్ రెడీగా ఉంది. పోనీ దాన్నే ప్రెస్సుకి పంపితే సరిపోదా?

క్లిక్‌లెక్క:
మీ మాటే రైటు. పేపర్ విప్పగానే జారి కింద పడేది కరపత్రమే. ఎవరు చూశారో, చూసి ఎవరొచ్చారో లెక్కుండదు. ఫోన్లో అయితే షాపు చుట్టుపక్కల వాళ్లకే చూపించొచ్చు, కాజూ బర్ఫీ రేటు తప్పుపడితే అప్పటికప్పుడు మార్చొచ్చు. 5000 కాగితాల మీద ఫోన్ నంబరు తప్పుపడిందా, ఇక ఇంటిల్లిపాదీ కూర్చుని స్టిక్కర్లు అంటించుకోవడమే.

ప్లేటుమార్కు:
లెక్క తేలేలా వేయించరు, తేలలేదంటారు. 15×20 అంగుళాల షీటు మీద ఏ5లు నాలుగు పడతాయి. కరపత్రంలో చించి తెచ్చే డిస్కౌంట్ కూపన్ పెట్టి, ఆ నాలుగింటి కూపన్ మూలల్లో క, గ, ప, మ అని ఒక్కో అక్షరం వెయ్యమనండి. నాలుగూ ఒకే ప్లేటు (అచ్చు వేసే రేకు) మీద ఉంటాయి కాబట్టి ప్లేటు ఖర్చు అదనంగా ఏమీ పడదు. 1250 షీట్లు తిప్పి కోస్తే నాలుగు కట్టలు. ఒక్కో కట్ట ఒక్కో ఏరియా పేపర్ ఏజెంటుకి. కూపన్లు క్యాష్ కౌంటర్ దగ్గర డబ్బాలో వేసుకుని, రాత్రికి అక్షరాల వారీగా లెక్కపెట్టుకోండి.

ఆ పోస్టర్ మాత్రం పంపకండి. 148 మి.మీ. వెడల్పుకి 1080 పిక్సెళ్లు సాగదీస్తే అంగుళానికి 185 వస్తాయి, కావాల్సింది 300. నాలుగు వైపులా 3 మి.మీ. బ్లీడ్ (కటింగ్‌లో పోయే అదనపు అంచు) కలిపి 154×216 మి.మీ.కి కొత్తగా చేయించాలి. బ్లీడ్ లేకపోతే కటింగ్‌లో కత్తి ఒక్క మి.మీ. జరిగినా అంచున తెల్లగీత. స్క్రీన్ మీద మెరిసే నారింజ, చిలకపచ్చ రంగులు సీఎంవైకేలో (ప్రెస్సు వాడే నాలుగు ఇంకుల్లో) చప్పబడతాయి, ఆ సంగతి ముందే చూసుకోవాలి.

అసలు దెబ్బ తెలుగు అక్షరాల దగ్గర పడుతుంది. పేజీలు తయారుచేసే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ (ఒత్తులు సరిగ్గా కలిపే సెట్టింగ్) పెట్టకుండా యూనికోడ్ (ఫోన్లో టైపు చేసే మామూలు తెలుగు) పేస్ట్ చేస్తే "స్వీట్స్" కాస్తా "స్‌వీట్‌స్" అవుతుంది. యూనికోడ్ కాని అను ఫాంట్లతో నడిచే పాత పేజ్‌మేకర్‌లో అయితే ఆ మాత్రం కూడా రాదు, అంతా చెత్త. కర్వ్స్ చేసిన (అక్షరాలను బొమ్మలుగా మార్చిన) ఫైలునే తప్పుల కోసం ప్రూఫ్ చదవండి, ముందుదాన్ని కాదు. తప్పు దిద్దడానికి కర్వ్స్ చెయ్యని కాపీ వేరే దాచండి. ఇంకోటి: నాలుగు రంగులు కలిపిన నలుపు మీద తెల్లటి చిన్నక్షరాలు వద్దు. రిజిస్ట్రేషన్ (నాలుగు రంగులూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడటం) వెంట్రుకవాసి తప్పినా ఒత్తులు పూడుకుపోతాయి. తెల్లకాగితం మీద అక్షరాలైతే ఒక్క నల్ల ప్లేటులోనే పడాలి.

క్లిక్‌లెక్క:
నాలుగక్షరాల కిటుకు బావుంది, ఒప్పుకుంటా. కానీ కూపన్ పట్టుకొచ్చేవాళ్లలో సగం మంది ఎలాగూ వచ్చేవాళ్లే అయితే? డిస్కౌంట్ చేతులారా ఇచ్చుకున్నట్టేగా.

ప్లేటుమార్కు:
ఆ అనుమానం మీ యాడ్‌లో ఆఫర్ కోడ్‌కీ ఉంది కదండీ. ఒక ఏరియాలో అసలు పంచకుండా వదిలేసి, బిల్లింగ్ దగ్గర "ఎక్కణ్నుంచి వచ్చారు" అని అడిగి రాసుకుంటే కొంత తెలుస్తుంది.

అట్టపెట్టె:
ఇద్దరూ ఒక్కరోజు జనం గురించే కొట్టుకుంటున్నారు. నన్నడిగితే డిజైన్ డబ్బు స్వీట్ బాక్సు మీద పెట్టాలి. అది చుట్టాలింటికి వెళ్తుంది, ఖాళీ అయ్యాక కూడా నాలుగు రోజులు ఫ్రిజ్ మీద ఉంటుంది. లోపల బటర్ పేపర్ లేకపోతే నెయ్యి అట్టలోకి దిగి పైన ప్రింటుకి మరకలొస్తాయి. మడత దగ్గర క్రీజింగ్ (ముందే నొక్కిన గాడి) వెయ్యకపోతే పొర పగిలి తెల్లగా కనబడుతుంది. తేదీ ముద్ర వేసుకునే చోట లామినేషన్ (పైన అంటించే ప్లాస్టిక్ పొర) వదిలేయమనండి, లేదంటే స్టాంపు ఇంకు ఆరక చేతికంటుకుంటుంది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) 14 అంకెల లైసెన్స్ నంబరుకి చోటు ముందే ఉంచండి. క్యూఆర్ కోడ్ 2 సెం.మీ.కి తగ్గకుండా, తెలుపు మీద నలుపే, చుట్టూ ఖాళీ వదిలి. బంగారు ఫాయిల్‌తో వేస్తే చూడముచ్చటగానే ఉంటుంది గానీ వెలుతురు తగిలితే ఫోన్ చదవదు.

మిఠాయిపొట్లం:
బాక్సు సంగతి ఇద్దరికీ తట్టలేదు. కరపత్రాలు 5000 కాకుండా 2000 వేయిస్తే?

ప్లేటుమార్కు:
ప్లేట్లకీ మెషీన్ సెట్టింగ్‌కీ అయ్యే ఖర్చు రెంటికీ ఒకటే, మిగిలేది కాగితం డబ్బే. 2000 అయితే 500 షీట్లు, నాలుగక్షరాలూ అలాగే ఉంచండి.

క్లిక్‌లెక్క:
మిగిలింది యాడ్స్‌కి పెట్టి, ఐదో అక్షరం దానికివ్వండి. దసరా అయ్యాక ఒక్కో అక్షరానికి షాపులోకొచ్చిన మనిషికి ఎంత పడిందో ఇక్కడ పెట్టండి, అప్పుడు మళ్లీ కొట్టుకుందాం.