కౌంటీ వ్యవసాయ విస్తరణ ఆఫీసు ఎలా పుట్టింది? బెంగళూరు పక్కన దానికి సాటి ఏది?

ప్రశ్న: అమెరికాలో కౌంటీకో (మన జిల్లా లాంటిది) విస్తరణ ఆఫీసు, అంటే రైతులకి సాగు సలహాలిచ్చే ఆఫీసు, ఎలా వచ్చింది? కోలారు వైపు టమాటా పొలానికి మట్టి పరీక్ష చేయించాలంటే ఇక్కడ ఎక్కడికెళ్లాలి?

జవాబు: 1862 మోరిల్ చట్టంతో వ్యవసాయ కాలేజీలు, 1887 హాచ్ చట్టంతో ప్రయోగ కేంద్రాలు వచ్చాయి. రైతు దాకా మాత్రం ఏదీ సరిగా చేరలేదు. 1903లో టెక్సాస్‌లోని టెరెల్‌లో సీమన్ నాప్ అనే వ్యవసాయ నిపుణుడు రైతు పొలంలోనే, రైతు చేతే సాగు చేయించి చూపించాడు. నష్టమొస్తే పూడ్చడానికి ఊరివాళ్లు ముందే డబ్బు పోగేశారు. అసలు కిటుకు అదేనండీ, రైతుకి భయం పోయింది. 1914 స్మిత్-లీవర్ చట్టం దీన్ని దేశమంతా పాకించింది. ఖర్చు కేంద్రం, రాష్ట్రం, కౌంటీ పంచుకుంటాయి.

జవాబు: ఇక్కడైతే మీ హోబళి (తాలూకాలో కొన్ని ఊళ్ల గుంపు) రైత సంపర్క కేంద్రానికి, అంటే కర్ణాటక వ్యవసాయ శాఖ ఆఫీసుకి, వెళ్లండి. సలహాకి జీకేవీకే (బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం క్యాంపస్) ఉంది. నమూనా మాత్రం జాగ్రత్త: పైన చెత్త తీసేసి, వీ ఆకారంలో 15 సెంటీమీటర్ల గుంట తవ్వి, దాని పక్క గోడ నుంచి పైనుంచి కిందికి సమంగా మట్టి గీకాలి. ఎకరానికి పది చోట్లైనా తీసి కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండూ పారేస్తూ అర కిలోకి తేవాలి. నీడలోనే ఆరబెట్టండి. జింక్ పూత బకెట్ వాడితే జింక్ లెక్క తప్పొస్తుంది, ప్లాస్టిక్‌ది వాడండి.

జవాబు: గట్లు, పెంటకుప్పలు, చెట్ల నీడ వదిలేయండి. డ్రిప్‌లో ఎరువు వదులుతుంటే తడిసిన మేర అంచుల్లో లవణాలు పేరుకుంటాయి, అక్కడ తీయొద్దు.